ప్రయాణంలో ఉన్న గుర్రం

మనుషులు కొన్ని వేల ఏళ్లుగా గుర్రాల మీద ప్రయాణం చేస్తున్నారనీ, గుర్రాలు మాత్రం ఇంతవరకు ఒక్కసారైనా ప్రయాణం చెయ్యలేదనీ ఆ సంవత్సరం ప్రభుత్వం వారు గమనించారు. నడవడం వేరు, ప్రయాణం చెయ్యడం వేరు అని ఒక కమిటీ తేల్చింది. కమిటీలో నడిచే అలవాటున్న వారెవరూ లేరు కాబట్టి ఆ తేడా వారికి స్పష్టంగా కనిపించింది.

ఆ విధంగా గిరి అశ్వ ప్రయాణ సౌకర్య పథకం పుట్టింది. కొండ మీది ఊళ్ల నుంచి సంతకు సరుకు మోసే గుర్రాలు ఇకమీదట తారురోడ్డు మీద కాలు పెట్టకూడదు. కొండ దిగి రోడ్డు దగ్గరికి రాగానే వాటిని ఒక ట్రైలర్‌లోకి ఎక్కిస్తారు. ఆ ట్రైలర్‌ని ఒక పికప్ వ్యానుకు తగిలిస్తారు. గుర్రం కూర్చోదు గానీ, కూర్చున్నంత సుఖంగా సంతకు చేరుతుంది. అది మోసుకొచ్చిన సరుకు సంగతి పథకంలో లేదు. దాన్ని మనుషులు చూసుకుంటారని అనుకున్నారు.

కొండ మీది రాళ్లగరువులో ఉండే సెగ్గె బొంజునాయుడికి ఈ పథకం మీద మొదట్లో ఏ కోపమూ లేదు. నిజానికి సంతోషించాడు. అతని గుర్రం చోడమ్మ నిండు చూలుతో ఉంది. దాన్ని ఒకసారి సంత జరిగే వెదుళ్లపాలెంలో పశువుల డాక్టరుకు చూపించాలని అతనికి కొద్దిరోజులుగా మనసులో ఉంది. రోడ్డు వెంట పోతే ఇరవై రెండు కిలోమీటర్లు. కొండకు అడ్డంపడి పోతే తొమ్మిదే గానీ, ఆ దారి మేకలకు బాగుంటుంది, చూలు గుర్రానికి కాదు. అలాంటప్పుడు బండి వచ్చి తీసుకుపోతానంటే ఎవరు కాదంటారు?

చోడమ్మది చోడిగింజ రంగు, అంటే రాగుల ముదురెరుపు. ఆ పేరు పెట్టింది అతని భార్య నూకాలమ్మ. కిందటేడు వానలు వెనకబడుతున్న రోజుల్లో ఆమె జ్వరంతో పోయింది. అప్పటికి గుర్రానికి రెండో నెల. నెలకొక గీత చొప్పున నూకాలమ్మ గోడ మీద బొగ్గుతో గీసేది. మొదటి రెండు గీతలు ఆమెవి. తరవాతి ఎనిమిదీ బొంజునాయుడు గీశాడు. ఆమె గీతలు నిటారుగా ఉంటాయి. ఇతనివి కొంచెం పక్కకు వాలుతాయి. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది కాబట్టి ఇంకా మూడు వారాలు, మహా అయితే నాలుగు ఉన్నాయి. ఈ ఈత తన ఇంటి దగ్గర జరగాలి. అంతకు మించి అతను ఎవరినీ ఏమీ కోరుకోలేదు.

పథకం ప్రారంభోత్సవం దిగువమలుపు దగ్గర జరిగింది. కాలిబాట వచ్చి తారురోడ్డులో కలిసేది అక్కడే. ట్రైలర్ తెల్లగా ఉంది. దాని పక్కన ఒక గుర్రం కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతున్న బొమ్మ వేశారు. ఆ బొమ్మ వేసినవాడికి గుర్రం పళ్లు ఎన్నో తెలియదు గానీ, ఉత్సాహం ఉంది. వెనక తలుపును కిందికి వాలిస్తే అదే ఎక్కడానికి వాలుబల్ల అవుతుంది. ఆ తలుపుకు అడ్డంగా రంగు రిబ్బను కట్టారు.

ఎక్కింపు అధికారి భుజంగరావు గారు కత్తెర పట్టుకుని మాట్లాడారు. "ఈ శుభదినాన ఈ అశ్వం తన జాతి చరిత్రలోనే తొలిసారిగా ప్రయాణికురాలి హోదాను పొందుతున్నది. ఇంతకాలం మోసినది. ఇకపై మోయబడును."

చోడమ్మ రిబ్బను కొనను నోట్లోకి తీసుకుని నములుతూ విన్నది.

తరవాత ఫారాలు నింపారు. మొత్తం ఏడు ప్రతులు. ప్రయాణికురాలి పేరు, రంగు, వయసు, ప్రయాణ ఉద్దేశం. చివర ప్రయాణికురాలి సమ్మతి అని ఒక గడి ఉంది. వేలిముద్రకు బదులు గిట్ట ముద్ర వేయించవచ్చని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉండడంతో, వ్యాను డ్రైవరు తాతారావు ఒక పళ్లెంలో నల్ల సిరా పోసి తెచ్చాడు. చోడమ్మ ఏడు ప్రతుల మీదా ముద్ర వేసింది. ఏడో ప్రతి మీద కొంచెం గట్టిగా వేసింది.

"బాబూ, నాను కూడా ఎక్కొచ్చా?" అని అడిగాడు బొంజునాయుడు.

"నువ్వు గుర్రానివా?" అన్నారు భుజంగరావు గారు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. ఆయన ఫారం చూసి అడిగారు.

"కాదు బాబూ."

"అయితే నీకు ఈ పథకం వర్తించదు."

ముందు సీటు ఎక్కింపు అధికారిది. కాబట్టి బొంజునాయుడు అడ్డదారిన బయల్దేరాడు. భుజంగరావు గారు తలుపు మూయించి, తాళం వేయించి, తాళం మీద లక్క ముద్ర కొట్టి సీట్లో కూర్చున్నారు. వ్యాను ఘాట్‌రోడ్డు ఎక్కింది. మలుపు మలుపుకూ ట్రైలర్ వెనక్కి ఊగి ముందుకు వచ్చింది.

బొంజునాయుడు సంతకు చేరేసరికి వ్యాను కూడా అప్పుడే వచ్చి ఆగింది. అతను వెనక తలుపు దగ్గరికి వెళ్లి, తువ్వాలుతో చెమట తుడుచుకుని, తాళం తీస్తారని నిలబడ్డాడు. ఎవరూ తియ్యలేదు.

"తాలం తియ్యండి బాబూ. దించుకుంటాను."

"ఆగు. దించేది నువ్వు కాదు" అన్నారు భుజంగరావు గారు.

"మరెవులు?"

"దింపు అధికారి."

"ఆయనేడి?"

"ఆ పోస్టు ఇంకా భర్తీ కాలేదు."

బొంజునాయుడు తాళం వైపు చూపించాడు. "మీరే దించీండి బాబూ. ఎక్కించినోరు మీరే గదా. అలగే తిప్పి దించీడమే."

భుజంగరావు గారికి కోపం రాలేదు. ఆయన ముఖంలో ఒక రకమైన బాధ కనిపించింది. "చూడు నాయుడూ, నేను ఎక్కింపు అధికారిని. నేనే దింపితే ఎక్కించినవాడే దింపినట్టవుతుంది. దాన్ని పరస్పర విరుద్ధ విధుల నిర్వహణ అంటారు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో నా మీద అలాంటి మచ్చ లేదు."

"పోనీ, ఎనక్కి తీసుకెల్లిపోండి. దిగువమలుపులో దించుకుంటాను."

"వెనక్కి ఎలా? తిరుగు ప్రయాణమంటే చేరిన తరవాత చేసేది. ఇది ఇంకా చేరలేదు."

"సంతలోనే ఉన్నాం గదా బాబూ."

"నువ్వు చేరావు. నేను చేరాను. గుర్రం చేరలేదు. దింపు అధికారి రసీదు మీద సంతకం పెట్టిన క్షణాన చేరినట్టు. అంతవరకు అది ప్రయాణంలో ఉన్నట్టు."

చోడమ్మ పక్క కిటికీలోంచి తల బయటపెట్టి, ఎదురుగా ఉన్న ముల్లంగి కట్టల వైపు చూసింది.

అప్పటికే తాతారావు పక్క కొట్లో టీ చెప్పుకున్నాడు. భుజంగరావు గారు ఒక పుస్తకం తీసి పేజీలు తిప్పి అతన్ని వెనక్కి పిలిచారు. ప్రయాణంలో ఉన్న జంతువును నిలిపి ఉంచిన వాహనంలో రెండు గంటలకు మించి ఉంచడం క్రూరత్వం కిందికి వస్తుందని అందులో ఉంది. రాత్రి విశ్రాంతికి తప్ప మినహాయింపు లేదు.

"బండి తియ్యి."

"ఎక్కడికి తోల్మంటారు సార్?"

"గమ్యానికి."

"గమ్యం ఇదే గద సార్."

"అందుకే ఎక్కువ దూరం వెళ్లకు" అన్నారు భుజంగరావు గారు.

ఆ రోజు నుంచి చోడమ్మ ప్రయాణం చేసింది. పొద్దున్న ఘాట్ ఎక్కి దిగువమలుపు దాకా, అక్కణ్నుంచి మళ్లీ సంత దాకా. మధ్యాహ్నం ఇంకోసారి. రోజుకు ఎనభై ఎనిమిది కిలోమీటర్లు. రాత్రి ఆఫీసు ఆవరణలో వ్యానును నిలిపేవారు. ముద్ర ఎవరూ ముట్టుకోకూడదు. మేతా నీళ్లూ కిటికీలోంచి అందించవచ్చు. అడుగున ఉన్న కంతలోంచి లద్దె లాగెయ్యవచ్చు. ఈ రెండు పనులకీ అధికారి అక్కర్లేదని తేలింది. బొంజునాయుడు చాలన్నారు.

పశువుల డాక్టరు ఒకసారి వచ్చి కిటికీలోంచి చూశాడు. కళ్లు బాగున్నాయన్నాడు. మిగతాది చూడాలంటే దిగాలన్నాడు.

బొంజునాయుడు గడ్డి కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని అడ్డదారిన కొండ దాటేవాడు. వ్యాను ఇటు వచ్చే వేళకు ఇటు, అటు వెళ్లే వేళకు అటు. చోడమ్మ మొయ్యాల్సిన పసుపు కొమ్ములు, చింతపండు కూడా ఇప్పుడు అతని వీపు మీదే. రెండో వారానికి అతను ఆరోగ్యంగా ఉన్నాడని ఊళ్లో ఎవరో అన్నారు. అతను ఆ మాట వినిపించుకోలేదు.

సంతలో టీకొట్టు నడిపే పైడితల్లి మాత్రం ఊరుకోలేదు. "ఏటి బొంజన్నా, గుర్రం బండెక్కి ఊరేగుతాంది. నువ్వేమో గడ్డి మోత్తన్నావు. నీకూ ఉలవలు నానబెట్టమంటావేటి?"

"పెట్టు. దానికి కలిపీసి తినిపిత్తాను."

"మరి నువ్వు?"

"నాకు ఆకలి నేదే."

పైడితల్లి మరి హాస్యమాడలేదు. గ్లాసు కడిగి, రెండో గ్లాసు టీ పోసి అతని ముందు పెట్టింది.

తాతారావు నర్సీపట్నం వైపు మనిషి. ఉద్యోగంలో చేరి రెండు నెలలు కాలేదు. బొంజునాయుణ్ని మొదటి రోజు నాయుడన్నాడు. మూడో రోజు నుంచి మావా అంటున్నాడు. మలుపుల దగ్గర వ్యానును ఎంత నెమ్మదిగా తిప్పేవాడంటే వెనక వచ్చే లారీలవాళ్లు అతన్ని తిట్టడానికి తీరిక చిక్కించుకునేవారు. ట్రైలర్ అడుగున ఇనుప రేకు నున్నగా ఉందని, కిటికీలోంచి ఎండుగడ్డి కొంచెం కొంచెంగా తోసి పరిచాడు.

"మావా, ఇది ఎప్పుడు ఈనుతాది?"

"వొచ్చీ వారం. దానిట్టం."

"ఏదైనా అయితే హారన్ మూడుసార్లు కొడతాను. కొండ మీద ఎక్కడున్నా ఇనిపిత్తాది నీకు."

"ముద్ర తియ్యకూడదా బాబూ నువ్వు?"

తాతారావు చాలాసేపు స్టీరింగు తుడిచాడు. "తీత్తే రేపు ఇంకోడొత్తాడు మావా. ఆడు మలుపుల కాడ ఇలగ తిప్పడు."

పన్నెండో రోజున జాయింట్ డైరెక్టర్ విశాలాక్షి గారు పరిశీలనకు వచ్చారు. ఆమె ట్రైలర్ చుట్టూ ఒకసారి నడిచి, భుజంగరావు గారు అందించిన కాగితం చదివి ఆగిపోయారు.

"వెయ్యిన్నీ యాభై ఆరు కిలోమీటర్లు. ఒకే గుర్రం?"

"ఒకే గుర్రం మేడం."

"మిగతా మండలాల్లో సగటు ఇరవై రెండు దాటలేదు. ఎక్కించిన గుర్రాన్ని ఆ రోజే దింపేస్తున్నారు. అక్కడ దింపు అధికారులు ఉండడం వల్ల ఈ నష్టం జరుగుతోంది." ఆమె చోడమ్మ వైపు ఆప్యాయంగా చూశారు. "ఈ ప్రాంతపు అశ్వాల్లో ఇంతటి ప్రయాణాసక్తి ఉందని మనం గుర్తించలేకపోయాం."

ఉత్తమ ప్రయాణికురాలు అని రాసిన పట్టీ ఒకటి ట్రైలర్‌కు కట్టారు. బంతిపూల దండ కిటికీలోంచి వేశారు. చోడమ్మ దాన్ని పూర్తిగా తినేదాకా అందరూ చప్పట్లు కొట్టారు.

బొంజునాయుడు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "తల్లీ, దీన్ని దించీమని సెప్పండి. ఇంక పది రోజులు కూడా నేవు. ఇంటికాడ ఈనాల."

"దింపు అధికారి నియామకం పరిశీలనలో ఉంది. ప్రకటన కూడా ఇచ్చాం. డిగ్రీ ఉండాలి. గుర్రాలను దింపడంలో ఈ మండలంలో మూడేళ్ల అనుభవం ఉండాలి. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. యువతలో చొరవ తగ్గిపోయింది."

"డిగ్రీ నేదు తల్లీ. నలబై ఏల్లుగా దించుతున్నాను."

"ఏం దించుతున్నారు?"

"గుర్రం మీద బరువు."

విశాలాక్షి గారు నవ్వారు. మంచి నవ్వే. "అది బరువును దింపడం. ఇది గుర్రాన్ని దింపడం. అర్హతలు వేరు." తరవాత, అతని ముఖం చూసి కాబోలు, భుజంగరావు గారి వైపు తిరిగారు. "ఫారంలో గర్భం గురించిన గడి ఉందా?"

"లేదు మేడం. రంగు ఉంది."

"అయితే అది పథకం పరిధిలోకి రాదు నాయుడు గారూ. అది పూర్తిగా మీ సొంత విషయం."

"సొంత ఇసయమే తల్లీ" అన్నాడు బొంజునాయుడు. "కానీ అది మీ పెట్టెలో ఉన్నాది."

విశాలాక్షి గారు ఈ మాటను సూచనగా స్వీకరిస్తున్నామని చెప్పి, జీపెక్కి వెళ్లిపోయారు.

పంతొమ్మిదో రోజు పొద్దున్న బొంజునాయుడు గడ్డిమోపుతో కొండ మీది రాతిపలకలు దాటుతుండగా కింద హారన్ మోగింది. ఒకటి. రెండు. మూడు. మోపు అక్కడే పడేశాడు. దిగిన దారి అతనికి తరవాత గుర్తులేదు.

పదకొండో మలుపు దగ్గర వ్యాను రోడ్డు పక్కన ఆగి ఉంది. తాతారావు టైర్ల కింద రాళ్లు పెట్టి ఉంచాడు. భుజంగరావు గారు ముందు సీట్లోనే కూర్చుని గడియారం చూసుకుంటున్నారు.

బొంజునాయుడు పక్క చక్రం మీదికెక్కి కిటికీలోంచి చూశాడు. చోడమ్మ పడుకుని ఉంది. మెడ చాచి, గోడకు ఆనించి, ఊపిరి బరువుగా పీలుస్తోంది. అతను చెయ్యి లోపలికి పెట్టాడు. భుజం దాకా వెళ్లింది. అక్కడి నుంచి గుర్రం చెవికి జానెడు దూరం ఉంది.

"నానిక్కడే ఉన్నానే" అన్నాడు. "ఇక్కడే ఉన్నాను."

నూకాలమ్మ పోయిన రోజు కూడా అతను ఆ మాటే అన్నాడు. అప్పుడు ఆమె విన్నదో లేదో తెలియదు. చోడమ్మ చెవి ఇటు తిప్పింది.

ఎంతోసేపు పట్టలేదు. ముందు రెండు గిట్టలు, వాటి మీద ఆనించినట్టు మూతి, తరవాత ఒక్కసారిగా మిగతాదంతా వచ్చింది. తల్లి తలెత్తి వెనక్కి తిరిగి పిల్లను నాకింది. పిల్లది కూడా చోడిగింజ రంగే. అది కాసేపటికి ముందరి కాళ్లు చాచి లేవబోయింది. గడ్డి పక్కకు జరిగి రేకు మీద గిట్టలు జారాయి. పడింది. మళ్లీ లేవబోయింది. మళ్లీ జారింది.

బొంజునాయుడు లెక్కపెట్టాడు. ఏడుసార్లు.

"జారిపోతాంది తాతారావూ. నిలబడకపోతే పాలు తాగనేదు. తాగకపోతే సాయంత్రానికి ఉండదు."

తాతారావు సీటు కిందినుంచి జాకీ రాడ్డు తీశాడు. తాళం వైపు నడిచాడు.

ఆ సమయంలో భుజంగరావు గారు దిగారు. కళ్లద్దాలు తుడుచుకుని, చక్రం మీద కాలు పెట్టి, కిటికీలోంచి చూశారు. వేలితో లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. దిగివచ్చి వ్యాను ముందుభాగం మీద ఫైలు విప్పారు.

"లోపల రెండు ఉన్నాయి."

"రెండే బాబూ" అన్నాడు బొంజునాయుడు.

"నేను ఎక్కించినది ఒకటి."

"ఒకటే."

"మరి రెండోది ఎక్కడ ఎక్కింది?"

"ఎక్కనేదు బాబూ."

"ఎక్కకుండా లోపల ఎలా ఉంది?"

"పుట్టింది సార్" అన్నాడు తాతారావు. రాడ్డు ఇంకా అతని చేతిలోనే ఉంది.

భుజంగరావు గారు పుస్తకంలో చాలా పేజీలు తిప్పారు. "పుట్టుక ద్వారా ప్రవేశించడానికి ఇందులో నియమమేదీ లేదు. ఎక్కింపు పత్రం లేదు. సమ్మతి లేదు. ముద్ర లేదు. ఇది అనధికార ప్రయాణం." ఆయన ముఖం గంభీరమైంది. "పదహారో నియమం. అనధికారంగా ప్రయాణిస్తున్న జంతువును తక్షణమే బయటికి పంపవలెను."

తాతారావు బొంజునాయుడి వైపు చూశాడు. బొంజునాయుడు నేల వైపు చూస్తున్నాడు.

"ఎవులు పంపాల సార్?" అని తాతారావు జాగ్రత్తగా అడిగాడు. "దింపు అధికారే పంపాలా?"

"దింపు అధికారి ఎక్కినవాటిని దింపుతాడు. ఇది ఎక్కనే లేదు కదా. ఎవరైనా పంపవచ్చు."

"ఇప్పుడే పంపించీమంటారా బాబూ?" అన్నాడు బొంజునాయుడు. అతని గొంతు మామూలుగానే ఉంది. అలా ఉంచడానికి అతను ఎంత కష్టపడ్డాడో అతనికే తెలుసు.

"తక్షణమే అని రాసి ఉంది."

తన ముద్రను తానే పగలగొట్టి, తాళం తీసి, భుజంగరావు గారు వెనక తలుపు వాలుబల్లగా దించారు. బొంజునాయుడు లోపలికి వెళ్లాడు. తువ్వాలుతో పిల్లను చుట్టి రెండు చేతులతో ఎత్తుకున్నాడు. తడిగా, వేడిగా, తను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. చోడమ్మ ముఖం వైపు చూడకుండా తిరిగి, వాలుబల్ల దిగి, తారురోడ్డు దాటి, అవతల పచ్చగడ్డి ఉన్న చోటికి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరినీ పిలవలేదు. పిలిస్తే అది దింపడం అవుతుందేమోనని అతని భయం.

వెనక రేకు చప్పుడైంది. చోడమ్మ ముందు మోకాళ్ల మీద లేచి, తరవాత పూర్తిగా లేచి, కొంచెం తూలి నిలబడింది. వాలుబల్ల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగింది.

"ఆగు" అన్నారు భుజంగరావు గారు, గుర్రంతో.

అది ఆయన్ను దాటుకుని, రోడ్డు దాటి, గడ్డిలోకి వెళ్లింది. పంతొమ్మిది రోజుల తరవాత దాని కాళ్ల కింద నేల ఉంది. పిల్ల ఆ గడ్డిలో రెండోసారికే నిలబడింది. మూతితో తల్లి పొట్ట కింద వెతుక్కుని, అటు పక్క పొరపాటుపడి, ఇటు పక్క దొరకబుచ్చుకుంది.

బొంజునాయుడు ఒక రాయి మీద కూర్చున్నాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

రోడ్డు ఇవతల తాతారావు రాడ్డును సీటు కింద పెట్టేసి నెమ్మదిగా అడిగాడు. "మల్లీ ఎక్కించమంటారా సార్?"

భుజంగరావు గారు వాలుబల్ల మీద నిలబడి ఖాళీ ట్రైలర్ వైపు, అవతలి గడ్డి వైపు మార్చి మార్చి చూశారు. ఇరవై ఏడేళ్ల సర్వీసు ఆయన ముఖంలో అటూ ఇటూ కదిలింది.

"ఎలా ఎక్కిస్తాం?" అన్నారు చివరికి. "ఎక్కి ఉన్న గుర్రాన్ని మళ్లీ ఎక్కించడం కుదరదు. ఒకే ప్రయాణానికి రెండుసార్లు ఎక్కించినట్టవుతుంది."

"దిగిపోనాది గద సార్."

"ఎవరు దింపారు?"

"ఎవులూ దింపనేదు."

"దింపకుండా దిగడమనేది లేదు. దింపు అధికారి పోస్టు ఖాళీగా ఉంది. కాబట్టి గుర్రం ప్రయాణంలో ఉంది."

తాతారావు గడ్డిలో ఉన్న చోడమ్మ వైపు గడ్డంతో చూపించాడు. "మరి అదేటి సార్?"

భుజంగరావు గారు ఫైలు మళ్లీ విప్పి, వేలు పెట్టి చదివారు. "రాళ్లగరువు. మొత్తం గుర్రాలు, ఒకటి. ప్రయాణంలో ఉన్నవి, ఒకటి. మిగిలినవి, లేవు." ఫైలు మూశారు. "అక్కడ ఏమీ లేదు."

ఆయన తలుపు ఎత్తించి, తాళం వేయించి, కొత్త ముద్ర కొట్టారు. ముద్ర కొట్టేటప్పుడు లోపలికి చూడలేదు. ఎందుకు చూడలేదో తాతారావు ఆ తరవాత చాలాసార్లు ఆలోచించాడు గానీ, అడగలేదు.

వ్యాను సంత వైపు వెళ్లిపోయింది. బొంజునాయుడు పిల్లను భుజాల మీద వేసుకుని, చోడమ్మ ఆగినచోటల్లా ఆగుతూ, మధ్యాహ్నానికి రాళ్లగరువు చేరాడు.

పథకం ఆ ఏడంతా బ్రహ్మాండంగా నడిచింది. ఆ గుర్రం పదివేల కిలోమీటర్లు పూర్తి చేసినప్పుడు విశాలాక్షి గారు స్వయంగా వచ్చి ట్రైలర్‌కు రెండో పట్టీ కట్టారు. మేత మునుపటికంటే తక్కువ తింటోందనీ, లద్దె అసలే వెయ్యడంలేదనీ, ప్రయాణానికి అలవాటుపడ్డ అశ్వాల్లో ఇది ఆశించదగిన పరిణామమేననీ నివేదికలో రాశారు. ఆమె కిటికీలోంచి తొంగిచూడబోయినప్పుడు, గుర్రం నిద్రపోతోందని భుజంగరావు గారు మెల్లిగా చెప్పారు. ఆమె వేలు పెదవి మీద పెట్టుకుని వెనక్కి జరిగారు.

పిల్లకు నాలుగో నెల నడుస్తుండగా ఒక గురువారం బొంజునాయుడు చోడమ్మ మీద తేలికపాటి పసుపు మూట వేసి, అది ఈనిన తరవాత మొదటిసారిగా సంతకు బయల్దేరాడు. పిల్ల వెంట వచ్చింది. అడ్డదారిలో ఆ రాతిపలకలు దాని కాళ్లకు ఇంకా కష్టమని రోడ్డు వెంటే నడిపించాడు. పదకొండో మలుపు తిరిగేసరికి ఎదురుగా వ్యాను వస్తోంది. వెనక తెల్ల ట్రైలర్, దాని మీద నవ్వే గుర్రం, రెండు పట్టీలు.

చోడమ్మ రోడ్డు పక్కకు జరిగి, తనను తీసుకుపోతున్న వ్యానుకు దారి ఇచ్చింది.

పిల్ల జరగలేదు. రోడ్డు మధ్యనే నిలబడి అరిచింది. చోడమ్మ తిరిగివచ్చి దాని పక్కన నిలబడింది. పిల్లకు అప్పుడే ఆకలి గుర్తొచ్చింది.

తాతారావు బ్రేకు వేశాడు.

"ఎందుకు ఆపావు?" అన్నారు భుజంగరావు గారు.

"ఎదర చూడండి సార్."

భుజంగరావు గారు చూశారు. గుర్రాన్నీ, పిల్లనూ, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ బొంజునాయుణ్నీ చూశారు. బొంజునాయుడు నమస్కారం పెట్టాడు. ఆయన తల కొంచెం వంచారు. తరవాత లాగ్‌బుక్ తీశారు. దారిలో ఆగిన ప్రతిసారీ కారణం రాయాలి.

ఆయన కలం చాలాసేపు గాలిలోనే ఉంది. చివరికి, ఆగుటకు కారణం అన్న గడిలో, గుండ్రటి దస్తూరీతో, ముందు ఏమీ లేదు అని రాశారు.

తాతారావు ఇంజను ఆపేశాడు. ఆ ఏమీ లేనిది పాలు తాగడం పూర్తయ్యేదాకా వ్యాను కదల్లేదు.